ఫార్మలిన్ సీసాలో పోతున్న సాక్ష్యం

2013లో హాంకాంగ్ పరిశోధకులు కాలేయ కణితుల్లో ఒక మార్పును పట్టుకున్నారు. అజిన్1 అనే జన్యువు డీఎన్‌ఏలో ఏ లోపమూ లేదు. కానీ దాని నుంచి తయారైన ఆర్‌ఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం మారింది. అడార్1 అనే ఎంజైమ్ అక్కడి అడినోసిన్‌ను ఇనోసిన్‌గా మార్చేసింది. దాంతో ప్రొటీన్‌లో 367వ స్థానంలో సెరీన్ ఉండాల్సిన చోట గ్లైసీన్ వచ్చి కూర్చుంది, కణితి పెరుగుదలకు ఊతమిచ్చింది. డీఎన్‌ఏను ఎంత శ్రద్ధగా చదివినా ఈ తప్పు దొరకదు. మూల దస్తావేజు చెక్కుచెదరలేదు, పనికి తీసిన నకలునే దిద్దారు. ఆర్‌ఎన్‌ఏ మీద జరిగే ఇలాంటి రసాయన మార్పులు ఇప్పటికి 170 రకాలకు పైగా తెలుసు. కాలేయ క్యాన్సర్‌ను అర్థం చేసుకోవడంలో ఇవి కీలకమవుతున్నాయి. ఈ శాస్త్రం రేపు ఉత్తరాంధ్ర రోగికి పనికిరావాలంటే, ఇక్కడి కణితులను ఆర్‌ఎన్‌ఏ చెడకుండా దాచే ఏర్పాటు ఇప్పుడే జరగాలని నా వాదన.

అక్కడి పరిశోధన ఫలితాలను తెచ్చి ఇక్కడ వాడుకుంటే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదని ఆ ఫలితాలే చెబుతున్నాయి. ఈ మార్పుల్లో ఎక్కువగా చర్చకు వచ్చేది ఎం6ఏ అనే మిథైల్ గుర్తు. దాన్ని 1974లోనే కనుగొన్నారు. వేసిన గుర్తును చెరిపే ఎంజైమ్ కూడా కణంలో ఉందని 2011లో తేలాక పరిశోధకుల్లో ఆశ పుట్టింది. చెరపగలిగిన గుర్తును మందుతోనూ అదుపు చేయవచ్చు కదా! ఆ గుర్తు వేసే జంట ఎంజైములు మెటిల్3, మెటిల్14. కాలేయ క్యాన్సర్‌లో మెటిల్14 తగ్గిపోతోందని, అది తగ్గితే కణితి ఇతర అవయవాలకు పాకుతోందని 2017లో షాంఘై బృందం ప్రకటించింది. మరుసటి ఏడాది హాంకాంగ్ బృందం మెటిల్3 పెరిగిపోతోందని, కణితిని అదే ఎగదోస్తోందని చెప్పింది. కలిసి పనిచేసే జంటలో ఒకటి అడ్డుకట్ట, మరొకటి ఆజ్యం! 2018లోనే మరో సంగతి బయటపడింది. హెపటైటిస్-బి వైరస్ ఆర్‌ఎన్‌ఏ మీద కూడా ఎం6ఏ ఉంటుంది. ఒక కొసన అది వైరస్ తన ప్రతిని తయారుచేసుకోవడానికి సాయపడుతుంది, మరో కొసన అదే ఆర్‌ఎన్‌ఏ ఆయుష్షును తగ్గిస్తుంది. అంటే గుర్తు ఉందా లేదా అని చూస్తే చాలదు. ఎక్కడుంది, ఏ కణితిలో ఉంది, ఏ కారణంతో వచ్చిన కణితిలో ఉంది అన్నది తేలాలి.

ఆ కారణాల దగ్గరే మనకూ వాళ్లకూ తేడా. చైనా, హాంకాంగ్ కణితుల్లో అధికభాగం హెపటైటిస్-బి వల్ల వచ్చినవి. మన దగ్గర ఆ వైరస్‌తో పాటు హెపటైటిస్-సి ఉంది, మద్యం ఉంది, మధుమేహం వెంట వచ్చే కొవ్వు కాలేయం ఉంది, బూజు పట్టిన వేరుశనగలో చేరే అఫ్లాటాక్సిన్ ఉంది. ఇవన్నీ ఆర్‌ఎన్‌ఏ మీద ఒకే రకం గుర్తులు వేస్తాయనుకోవడానికి ఆధారం లేదు. పరీక్షించి చూద్దామంటే కణజాలం దొరకడమే కష్టం. సిర్రోసిస్ ఉన్న రోగికి కాలేయ క్యాన్సర్‌ను చాలావరకు సీటీ, ఎంఆర్‌ఐలతోనే నిర్ధారిస్తారు, సూది గుచ్చి ముక్క తీయరు. ఆపరేషన్ చేసిన కొద్దిమంది కణితులు మామూలుగా ఫార్మలిన్ సీసాలోకి, అక్కడి నుంచి మైనపు దిమ్మెలోకి పోతాయి. సూక్ష్మదర్శిని కింద చూడటానికి ఆ పద్ధతి భేషుగ్గా ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏకు మాత్రం అది చేటు. రక్తప్రసారం ఆగిన క్షణం నుంచే కణంలోని ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను కొరకడం మొదలుపెడతాయి, మిగిలినదాన్ని ఫార్మలిన్ తునకలు చేస్తుంది. అర సెంటీమీటరు ముక్కను కోసిన వెంటనే ద్రవ నత్రజనిలో ముంచి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే ఆ సాక్ష్యం ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇదేదో అందని సాంకేతికత కాదు. ఎద్దు వీర్యం నిల్వ చేయడానికి ద్రవ నత్రజని జాడీలు మన పల్లెల పశువైద్యశాలలకు ఎప్పటి నుంచో వస్తూనే ఉన్నాయి.

మంచాలు, మందులు, డాక్టర్లు చాలని చోట ఈ పరిశోధన దేనికని కొందరికి అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి తెలుగునేల మీదే జవాబుంది. 1993లో వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ పెట్టేనాటికి హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచి వచ్చేది, సామాన్యుడికి అందేది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో సాగిన ప్రయోగాలు 1997లో షాన్‌వాక్-బిగా ఫలించాయి, టీకా ధర నేలకు దిగింది. ఆనాడు ప్రయోగశాలను విలాసం అనుకుని ఉంటే ఆ మేలు అంత త్వరగా జరిగేది కాదు.

అలాంటప్పుడు టీకాతోనే సరిపెట్టుకోవచ్చు కదా అన్నది రెండో అభ్యంతరం. టీకా శక్తిని నేను తక్కువ చేయను. తైవాన్ 1984లో పుట్టిన బిడ్డలకు టీకా మొదలుపెడితే, పదేళ్లు తిరిగేసరికి 6-14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి పడిపోయింది. పుట్టిన 24 గంటల్లో పడాల్సిన మొదటి డోసు ఏ బిడ్డకూ తప్పకూడదు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఈ టీకా సార్వత్రిక కార్యక్రమంలోకి విస్తృతంగా వచ్చింది 2007-08లో. అంతకు ముందు పుట్టినవాళ్లలో అత్యధికులకు ఆ రక్షణ అందలేదు. కాలేయ క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది నడివయసు దాటాకే. పైగా మద్యానికీ మధుమేహానికీ టీకా లేదు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. పేదవాడి శరీరం నుంచి తీసిన ముక్క ఎవరి లాభానికి? భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు నిల్వ చేసే కణజాలానికి కూడా రోగి సమ్మతి తప్పనిసరి అంటున్నాయి. ఆ సమ్మతి పత్రం తెలుగులో, చదువురాని మనిషికి చదివి వినిపించగలిగేలా ఉండాలి. కాదంటే వైద్యంలో ఏ లోటూ రాదని అందులో స్పష్టంగా రాసి ఉండాలి. కణజాలం ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉండాలి.

అనకాపల్లి నుంచి విశాఖ వెళ్లే దారిలోనే, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), ఆంధ్ర వైద్య కళాశాల ఉన్నాయి. పరవాడ, నక్కపల్లి మందుల కర్మాగారాలు మన అనకాపల్లి జిల్లాలోనివే, సామాజిక బాధ్యత నిధుల్లోంచి కొన్ని ఫ్రీజర్లు, ఇద్దరు సాంకేతిక నిపుణుల జీతం వాటికి భారం కాదు. విశ్లేషణకు హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది. మెటిల్3ని అడ్డుకునే తొలి మందు ఎస్‌టీసీ-15ను 2022లో మనుషుల మీద పరీక్షించడం మొదలైంది. అది నెగ్గుతుందో లేదో కాలం తేలుస్తుంది. అలాంటి మందు మార్కెట్లోకి వచ్చిన రోజున మన డాక్టరు ముందున్న రోగికి అది మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని తేల్చుకోవాలంటే మన కణితుల వివరాలు చేతిలో ఉండాలి. పదేళ్ల తర్వాత కావాల్సిన ఆ జవాబు కోసం కణజాలాన్ని ఈ ఏడాది నుంచే దాచాలి.