పురానాపూల్ మన సాక్షి, మనమే దిక్కు

హైదరాబాద్‌ను మేమే కట్టినం అని కొందరు ఉద్యమ కాలంల మనకు పాఠాలు చెప్పిండ్రు. వాళ్లకు జవాబు మూసీ మీద 22 కమాన్లతోటి నిలబడి ఉన్నది. ఇబ్రహీం కుతుబ్‌షా 1578ల పురానాపూల్ కట్టించిండు. పట్నానికి పునాది పడ్డది 1591ల. అంటే వంతెన పట్నం కన్న పదమూడేండ్లు పెద్దది!

పారిస్‌ల పోన్ నఫ్ వంతెన పని మొదలైంది గూడ 1578లనే. పూర్తయింది 1607ల. ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే మన వంతెనను దాంతోటి పోల్చి మెచ్చుకున్నడు. వాళ్లు 2007 నాటికి తమ వంతెనను పూర్తిగ బాగుచేసుకున్నరు. మరి మనం?

మనం ప్రేమకథ చెప్పుకుంటున్నం. భాగమతి కోసం కొడుకు వరదల దూకితే తండ్రి వంతెన కట్టించిండట! 1578 నాటికి మహమ్మద్ కులీకి పన్నెండు పదమూడేండ్లే. వంతెన అవసరం గోల్కొండది, కార్వాన్ వర్తకానిది. రాళ్లు చెక్కిన కూలోళ్ల ఊసు ఏ కథల లేదు.

1908 సెప్టెంబర్ 28 వరదల అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకపోయినయి. దెబ్బలు తిని గూడ నిలిచింది ఈ ముసలిదే. అసుంటి వంతెనను కూరగాయల గంపలకు వదిలేసి చేతులు దులుపుకున్నరు.

తప్పు పరాయి పాలకులదని చెప్పి తప్పించుకునే రోజులు 2014 జూన్ 2తోటే పోయినయి. మూసీ కోసం 2017ల కార్పొరేషన్ పెట్టిండ్రు. 2023ల ప్రభుత్వం మారింది. వేల కోట్ల లెక్కలు చెప్పేటోళ్లను మేం అడుగుతున్నం: ఇండ్ల పురానాపూల్ వాటా ఎంత?

కమాన్లను నిపుణులతోటి పరీక్ష చేయించి నివేదిక జనం ముందట పెట్టాలె. మరమ్మతు సిమెంటు పూతతోటి కాదు, పాత సున్నం పనితోటి జరగాలె. కూరగాయలమ్మే ఆడోళ్లకు పక్కనే జాగ చూపించినంకనే గంపలు కదిలించాలె. వంతెనను కాపాడుడంటే పేదోళ్ల పొట్ట కొట్టుడు కాదు.

పట్నం ముచ్చట మనకెందుకని జనగామ, మానుకోట, భూపాలపల్లి జనం అనుకోవద్దు. ఖిలాషాపూర్‌ల పాపన్న కోటను, గణపురంల కోటగుళ్లను చూసిన మనకు, పట్టించుకోని రాయి ఏమైతదో ఒకలు చెప్పాల్నా? సాక్షి కూలినంక సాక్ష్యం ఎవలు చెప్తరు? రాష్ట్రం కోసం కొట్లాడినోళ్లమే, రాళ్ల కోసం గూడ కొట్లాడుదాం!