నత్తను నత్తతో తీయబోతే...

రైతు సోదరులారా, ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. నత్తను నత్తతో తీయబోయి హవాయి దీవుల వాళ్లు ఏం పోగొట్టుకున్నారో వినండి.

పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న ఆ దీవుల్లో, ఒవాహు అనే దీవి అడవుల్లో, చెట్ల మీద బతికే నత్తలు ఉన్నాయి. ప్రపంచంలో మరెక్కడా లేవు. ఇవి ఆకును కొరకవు. ఆకు మీద పట్టిన బూజును నాకి బతుకుతాయి. ఎవరి పంటకూ వీటితో నష్టం లేదు.

1936లో ఆఫ్రికా నత్త అక్కడ అడుగుపెట్టి తోటల్ని మేయసాగింది. దాన్ని తింటుందని 1955లో ఫ్లోరిడా నుంచి ఇంకో నత్తను తెచ్చి వదిలారు. ఆఫ్రికా నత్త పీడ వదల్లేదు. వచ్చిన నత్త మాత్రం అమాయకపు చెట్టు నత్తల మీద పడింది. ఎలుకలు, అడవుల నరికివేత దానికి తోడయ్యాయి. అకాటినెల్లా అపెక్స్‌ఫుల్వా అనే జాతిలో ఒక్కటే మిగిలితే, జార్జ్ అని పేరుపెట్టి ల్యాబులో సాకారు. 2019 జనవరి 1న అదీ చచ్చిపోయింది. ఆ జాతే లేకుండా పోయింది.

ఎక్కడో దీవుల్లో నత్త పోతే మనకేంటి అంటారా? ఆ ఆఫ్రికా నత్తే మన కూరగాయల మళ్లలో, బొప్పాయి తోటల్లో కనపడుతోంది. 1847లో మారిషస్ నుంచి కలకత్తా తెచ్చి ఒక తోటలో వదిలారు. నత్తనడక నడిచే జీవి దేశమంతా ఎలా పాకింది? మొక్కలతో, కుండీల మట్టితో మనుషులే మోసుకొచ్చారు. పనిమీద హైదరాబాద్ వెళ్లి, అబిడ్స్‌లో బట్టలు కొని, నాంపల్లి స్టేషన్లో రైలెక్కేటప్పుడు చేతిలో ఒక పూలకుండీ కూడా తెచ్చుకునేవాళ్లు మనలో ఉన్నారు. తెచ్చుకోండి, తప్పులేదు. కుండీ అడుగు, మట్టి చూసి మరీ తెచ్చుకోండి.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని ఉద్యాన శాఖ పెద్దలకూ ఒక మాట. తనిఖీ నర్సరీ గేటు దగ్గరే గట్టిగా జరగాలి. చేలో పడ్డాక ఆ ఖర్చంతా చిన్న రైతు నెత్తినే పడుతుంది.

ఇప్పటికే నత్త పడిన చోట చేతిపనిని మించింది లేదు. సాయంత్రం తడి గోనెసంచులు, బొప్పాయి ఆకులు గట్టున పరచండి. తెల్లారేసరికి నత్తలు వాటికింద చేరతాయి. చేతికి కవరు తొడుక్కుని ఏరి, ఉప్పునీళ్ల బకెట్లో వేసి చంపి పూడ్చండి. మడిలో ఉప్పు చల్లొద్దు, నేల చెడుతుంది. పక్క చేను రైతునూ కలుపుకోండి. మీరొక్కరే ఏరితే వారంలో మళ్లీ మొదటికొస్తుంది.

దాన్ని తినే జీవినేదైనా తెచ్చి వదిలితే పోలా అని ఎవరన్నా అంటే, ఈ హవాయి సంగతి చెప్పండి.