ముందు తేరనిద్దాం

ఎంట్రోపీ అంటే చిందరవందర, అది ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది. రూమ్ సర్దకపోవడానికి మనం చెప్పే సాకు ఇదే. సీఎస్‌ఈ వాడికి థర్మోడైనమిక్స్ గోల ఎందుకంటారేమో గానీ, ఈ డెఫినిషన్‌తో నాకు పేచీ ఉంది.

వరదలప్పటి ఎర్రటి గోదావరి నీళ్లు బకెట్‌లో పట్టి వదిలేయండి. తెల్లారేసరికి మట్టి చాలావరకు అడుగున ఉంటుంది. కరెంటు లేదు, మెషీన్ లేదు. చిందరవందర తగ్గినట్టే కదా, మరి రెండో నియమం ఏమైంది? ఏమీ కాలేదు. రేణువు దిగుతూ పోగొట్టుకున్న శక్తి నీళ్లలో వేడిగా కలుస్తుంది. థర్మామీటర్‌కి అందనంత వేడే, కానీ మట్టి ఒకచోట చేరడం వల్ల తగ్గిన ఎంట్రోపీ కంటే దీనివల్ల పెరిగేది ఎక్కువ. నీళ్లు తేరడం రెండో నియమం చేసే పనే. (డీకాంటేషన్ అని పరీక్షలో రాశానే గానీ, ‘తేట’ అన్న మాట అమ్మమ్మ దగ్గరే విన్నాను.)

ఎంతసేపట్లో దిగుతుందన్నది వేరే సంగతి. స్టోక్స్ సూత్రంతో లెక్కేశాను. 0.1 మిల్లీమీటర్ ఇసుక రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి సుమారు 12 సెకన్లు. ఒక మైక్రాన్ బంకమట్టి రేణువుకి ఒక రోజు పైనే. పైగా ఈ రేణువులకు నెగెటివ్ చార్జ్ ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పటిక తిప్పితే ఆ చార్జ్ తగ్గి గుంపులుగా అతుక్కుని దిగుతాయి. మట్టిని పటిక కిందికి లాగదు, అడ్డు తీస్తుందంతే.

కరిగిన ఉప్పు అలా దిగదు. సముద్రపు నీళ్లలో సగాన్ని మంచినీళ్లుగా రాబట్టాలంటే, ఎంత గొప్ప మెషీన్ కట్టినా, 1000 లీటర్లకు సుమారు 1 యూనిట్ కరెంటు తప్పదు. ఆర్‌వో ప్లాంట్లకు 3 యూనిట్ల దాకా పడుతుంది. మరిగించి, ఆ వేడిని తిరిగి వాడుకోకపోతే 600 పైనే.

అందుకే మట్టికీ ఉప్పుకీ ఒకటే మందు వేయడం దండగ అంటాను. ఉప్పు తక్కువున్న నది నీళ్లకు కూడా ఆర్‌వో పెట్టి, గ్లాసు పట్టుకుని గ్లాసు డ్రైన్‌లోకి వదులుతున్నాం. వాటికి కావాల్సింది తేర్చడం, వడకట్టడం, తర్వాత క్లోరిన్ (పటిక క్రిముల్ని చంపదు, అది మర్చిపోకండి). బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆర్‌వో పెట్టాల్సిందే, వాదించను. కానీ కరిగిపోయిన ఫ్లోరైడ్‌ని సైతం నాగపూర్ నీరీ వాళ్లు పటిక, సున్నంతో ముద్దలకు పట్టించి కిందికి దించారు. దాని పేరే నల్గొండ టెక్నిక్.

మన హాస్టల్ ఆర్‌వో వెనక పైపు కింద ఈ ఆదివారం బకెట్ పెట్టి కొలుద్దామనుకుంటున్నా. ఎవరొస్తారు?