ఇంటి యంత్రములు: పడవ బ్యాటరీ

పులికాటు సరస్సుమీది యుప్పుగాలి రాగినిగూడ తినివేయును. మొన్న మా పొరుగుపిల్లవాడు నడిసరస్సున వలవేయుటకై యింజను నాపగా, బ్యాటరీ చచ్చి మరల కదలలేదు; తల్లి తెల్లవాఱువఱకు రేవున కూర్చుండెను. మేస్త్రీ క్రొత్తబ్యాటరీ కొనుమనెను. అప్పుచేయనేల? అంగడిలో నింపించి (నింపుచోట దీపము పెట్టకుడు, వెలువడు వాయువు మండును), మావారి బడిమీటరుతో చూచితిమి. మఱునాటికిని 12.6 వోల్టులు తగ్గలేదు. ఇంజను నడపినను నంతియే. 14 దాపునకు పెరుగలేదు. కాగా లోపము బ్యాటరీది కాదు, దానికి విద్యుత్తు చేరుటలేదు. ఫ్యూజు బాగుగనున్నది. రెగ్యులేటరు తీగకొనను పచ్చని చిలుము! మొదట ఋణధ్రువపు తీగ విప్పి, చిలుము గీకి, బిగించి, వాజలీను పూసితిమి. 13.9!

“అమ్మగారూ, యీరాత్రి పోనీయవచ్చునా?” యని యామె యడిగెను. పోనిమ్మంటిమి, టార్చిలైటుమాత్రము వెంట నుంచుమంటిమి.