మనవాడిది సహవాస దోషం, పరాయివాడిది జన్మదోషం

మనిషి నేరం ఎందుకు చేస్తాడు? పుట్టుక వల్లనా, పెంపకం వల్లనా, పేదరికం వల్లనా, సహవాసం వల్లనా? ఈ విషయమై పండితులు నూటయాభై ఏళ్లుగా వాదించుకొంటున్నారు. ఆ వాదాలన్నిటినీ ఇక్కడ ఏకరువు పెట్టను. నాకు తోచిన సంగతి ఒక్కటే. మనం వీటిలో ఏ ఒక్క సిద్ధాంతాన్నీ నమ్మము. రెంటిని దగ్గర ఉంచుకొని మనిషిని బట్టి వాడుకొంటాము. మనవాడు దొంగిలిస్తే సహవాస దోషమంటాము. పరాయివాడు దొంగిలిస్తే వాడి రక్తమే అంత అంటాము.

మన సాహిత్యం చదివినవారికి ఈ తేడా సులభంగానే తెలియాలి. తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలోని నిగమశర్మ సద్వంశంలో పుట్టినవాడు. వ్యసనాలకు లోబడి, బుద్ధి చెప్పవచ్చిన అక్క నగలతో సహా ఇంటి సొమ్ము ఎత్తుకొని పోయాడు. మృచ్ఛకటికంలోని శర్విలకుడు బ్రాహ్మణుడు. చారుదత్తుని గోడకు కన్నం వేసేటప్పుడు కొలత్రాడు లేకపోతే జందెమునే కొలత్రాడుగా వాడుకొన్నాడు. ఈ కథలు చదివి బ్రాహ్మణజాతి దొంగజాతి అని ఎవరూ తీర్మానించలేదు. తీర్మానించరాదు కూడా. నిగమశర్మ చెడిపోయినాడు అన్నాము, అక్కడితో ఆగినాము. ఆ న్యాయమే అందరికీ దక్కవలసి ఉండినది.

దక్కలేదు. 1871లో ఆంగ్లప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లు దొంగ కొడుకు దొంగే అవుతాడన్నది ఆనాటి పాలకుల తర్కం. లాంబ్రోసో అనే ఇటలీ వైద్యుడు నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడని, అది పుర్రెలో, దవడలో కనబడుతుందని గ్రంథం వ్రాసింది 1876లో. అనగా శాస్త్రం పేరిట ఆ మాట రాకమునుపే మన దేశంలో అది చట్టమైంది. 1911 నాటి సవరించిన చట్టంతో అది మద్రాసు రాజధానికీ వర్తించి, తెలుగునాట ఎరుకలవారి మెడకు చుట్టుకొన్నది.

ఎరుకలవారు అంతకు ముందు ఏమి చేసేవారు? వారిలో చాలమంది గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని తీరం నుంచి లోపలి ఊళ్లకు తిరిగి అమ్మేవారు. బుట్టలు, చేటలు అల్లేవారు. సోది చెప్పేవారు. రైలు వచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసి, మొదటి జీవనం పోయింది. అడవి చట్టాలతో వెదురు దొరకడం కష్టమైంది. తిరిగితే గాని బ్రతుకు లేని జాతిని, తిరుగుతున్నారు గనుక దొంగలన్నారు. తరువాత తిరగనీయకుండా కట్టివేశారు. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో ఒక సెటిల్‌మెంటు వెలసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద అది స్టూవర్టుపురమైంది. అక్కడ పెద్దలకూ హాజరు ఉండేది. బడిపిల్లలవలె పేరు పిలిస్తే పలకవలె. ఊరు దాటవలెనంటే అనుమతి చీటీ కావలె. విచిత్రమేమంటే, ఆ 1913లోనే ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అనే జైలు వైద్యుడు సుమారు మూడువేలమంది ఖైదీల కొలతలు తీసి, నేరస్థుల శరీరలక్షణం అంటూ వేరే ఏదీ లేదని ప్రకటించాడు. లాంబ్రోసో మాట అక్కడ వీగిపోతున్న ఏడాదిలోనే ఇక్కడ దాని మీద ఊరు కట్టారు.

స్టూవర్టుపురంలో దొంగలు లేరా అని అడిగేవారుంటారు. ఉన్నారు. కాదనడం సత్యం కాదు. దోపిడికి గురియైన ఇల్లాలి దుఃఖాన్ని సిద్ధాంతాలతో తుడవలేము. కాని ఎక్కడ కన్నం పడినా మొదట ఆ ఊరి తలుపే తట్టుతూ, ఆ ఊరివాడని తెలిసి పని ఇవ్వక, బయటికి పోనీయక ఉంచితే, మిగిలే దారి ఏది? దొంగ అని ముద్ర వేయడమే దొంగను తయారుచేస్తుందని 1938లో టానెన్‌బామ్, 1963లో బెకర్ అనే అమెరికా పండితులు వ్రాశారు. వారికి స్టూవర్టుపురం తెలుసునో లేదో గాని, వారి వాదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

పేదరికమే కారణమని తేల్చివేయడమూ నాకు సమ్మతం కాదు. పేదలలో అత్యధికులు దొంగిలించరు. సదర్లాండ్ అనే మరొక పండితుడు 1939లోనే దీనిని ప్రశ్నించాడు. తెల్లచొక్కా నేరాలను లెక్కలోకి తీసికోకుండా నేరానికి పేదరికంతో ముడి వేస్తున్నారన్నాడు. 2009లో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. 2015లో హైదరాబాదు న్యాయస్థానం శిక్షలు విధించింది. పోయిన సొమ్ముతో పోల్చితే మన కన్నపు దొంగలందరూ చిల్లర దొంగలే. అయినా వారి కులస్థులందరికీ ఎవరైనా హాజరుపట్టీ తెరిచారా? తెరవలేదు. తెరవకూడదు. ఎరుకలవారికీ తెరిచి ఉండకూడదని మాత్రమే నా మనవి.

జన్మదోషమే నిజమైతే మనిషి మారరాదు. 1970ల దశకంలో జాషువ మహాకవి కుమార్తె హేమలత, ఆమె భర్త లవణం స్టూవర్టుపురం వెళ్లి, ఆ కుటుంబాల మధ్య పనిచేశారు. ఎందరో ఆ వృత్తి మానుకొన్నారు. ఆ తరువాతి తరాలు చదువుకొని ఉద్యోగాలలో చేరాయి. రక్తం మారలేదు గదా, మారినదేమిటి?

చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. కాని దాని స్థానంలో అభ్యస్త నేరస్థుల చట్టాలు వచ్చాయి. జైళ్లలో కులాన్ని బట్టి పని పంచడం, ఈ జాతులవారిని పుట్టుకను బట్టి అభ్యస్త నేరస్థులుగా చూడడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. సినిమాలవారికి మాత్రం ఆ ఊరి పేరు 1991లోనూ పనికివచ్చింది, 2023లోనూ పనికివచ్చింది.

ఇంతసేపు పరులను తప్పుపట్టాను. ఇప్పుడు నా సంగతి. నేను ఏడవ తరగతికి ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు, పరీక్ష రుసుము కోసం పిల్లల వద్ద వసూలు చేసిన డబ్బు బల్ల సొరుగులో నుంచి పోయింది. తరగతిలో ఎరుకల పిల్లవాడు ఒకడున్నాడు. నేను ఎవరినీ విచారించలేదు. నేరుగా వాడిని లేపి, అందరి ఎదుట సంచి దులిపించాను. రెండు పుస్తకాలు, ఒక పలక, మూటకట్టిన అటుకులు పడ్డాయి. వాడు ఏడవలేదు. అటుకులు ఏరుకొని కూర్చున్నాడు. వారం తరువాత తీసినవాడు తెలిశాడు. ఊరి పెద్దరైతు కొడుకు. వాడి తండ్రిని చాటుగా పిలిచి, "చిన్నతనమండీ, సావాసం మంచిది కాదు, కాస్త కనిపెట్టి ఉండండి" అని నెమ్మదిగా చెప్పాను. ఆ రోజు నేను చేసింది ఉపాధ్యాయ ధర్మమనే అనుకొన్నాను.

ఈ రెండవ పిల్లవాడి పట్ల నేను చూపిన దయ తప్పు కాదు. అది మొదటివాడికి చూపకపోవడమే తప్పు. లాంబ్రోసోను ఆనాటికి నేను చదివి ఉండలేదు. చదవవలసిన అవసరం లేకుండానే ఆయన సిద్ధాంతం నాలో ఉన్నది.

సంచి దులిపిన తరువాత ఆ పిల్లవాడు మూడు రోజులు వచ్చాడు. నాలుగవ రోజు రాలేదు. దొంగ దొరికిన తరువాత కూడా నేను వాడి ఇంటికి వెళ్లలేదు. సంవత్సరాంతంలో హాజరుపట్టీలో వాడి పేరు కొట్టివేసి, కారణం అన్నచోట "దీర్ఘకాలం గైరుహాజరు" అని నేనే వ్రాశాను.

మీలో ఉపాధ్యాయులుగా పనిచేసినవారు, చేస్తున్నవారు ఉంటే మీ అనుభవం కూడా వ్రాయవలసిందిగా మనవి.