అంచులు కొయ్యకండి మహాప్రభో!

మన ఇళ్ళలో గోడకెక్కే అర్హత సంపాదించడం అంత సులువు కాదు. దేవుడైనా కావాలి, పోయిన తాతగారైనా కావాలి. ఆ రెండూ కాకపోతే కనీసం పెళ్ళినాటి ఫొటో కావాలి. అలాంటి గోడమీదకి ఈమధ్య కార్టూను కూడా ఎక్కుతోంది. పత్రికలోంచి కత్తిరించినది కాదండోయ్! కార్టూనిస్టు తన చేత్తో, తన కుంచెతో, ఇండియన్ ఇంకుతో గీసిన అసలు బొమ్మ.

సంతోషం. ఒకప్పుడు బొమ్మకి బ్లాకు తయారైందంటే దాని పని సరి. తర్వాత అది ఏ బీరువా మీదికి చేరిందో, ఏ చిత్తుకాగితాల బుట్టలో పడిందో చాలాసార్లు గీసినవాడికే తెలిసేది కాదు. ఇప్పుడు దానికి ఒక గోడ దొరికింది, ఒక మేకు దొరికింది. కానీ మనవాళ్ళు దానికి పటం కట్టిస్తున్న తీరు చూస్తే, పెళ్ళికూతుర్ని ముస్తాబు చెయ్యమంటే జడ కత్తిరించి పంపినట్టుంది.

ఇతరుల్ని అనేముందు నా నేరం నేను ఒప్పుకుంటాను.

1980ల్లో మా వీధిలో ఒక కార్టూనిస్టు అద్దెకుండేవారు. మా పెద్దమ్మాయి బారసాలకి వచ్చి, అప్పటికే అచ్చయిన తన కార్టూను ఒకటి కానుకగా ఇచ్చారు. పత్రికలో పోస్టుకార్డంత ఉన్న బొమ్మ, అసలు కాగితం మీద దానికి రెట్టింపు ఉంది. పేపరు చాటున దాక్కున్న మొగుడు, సంచీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డ పెళ్ళాం. బొమ్మ చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పున అంచు. ఆ అంచులో పెన్సిలుతో పెళ్ళాం చెయ్యి మూడుసార్లు గీసి చూసుకున్నారు. ఒక మూల, బొమ్మలో చోటు దొరకని పిల్లి ఒకటి ముడుచుకుని పడుకుంది. కింద నీలం పెన్సిలుతో బ్లాకు చేసేవాడికి ఒక మనవి: ‘మీసం జాగ్రత్త నాయనా, పోయినసారి ఎగిరిపోయింది.’

పటాలు కట్టే షాపులో ఇచ్చాను. రెండురోజుల్లో తయారు. బంగారురంగు చట్రం, తళతళలాడే అద్దం. “అంచులు మురిగ్గా ఉన్నాయి సార్, సాఫు చేసేశాను” అన్నాడు షాపతను. చేత్తో కత్తెర ఆడించి మరీ చూపించాడు. మైదాపిండి జిగురుతో అట్టకి అంటించాడు కూడా. నేను మెచ్చుకుని, అడిగినదానికన్నా రెండు రూపాయలు ఎక్కువే ఇచ్చాను!

ఓరోజు ఆయన మా ఇంటికి కాఫీకి వచ్చారు. పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. “బావుందండీ. అచ్చు పత్రికలో పడ్డట్టే ఉంది” అన్నారు.

ఆ మాట మెచ్చుకోలు అనుకుని చాలా ఏళ్ళు మురిశాను. ఆయన పోయాక వాళ్ళబ్బాయి మిగిలిన బొమ్మల కట్ట విప్పి చూపించాడు. ప్రతి కాగితం అంచునిండా కొలతలు, కొట్టివేతలు, సణుగుళ్ళు, పిల్లులు! అప్పుడర్థమైంది, ఆయన ఆ రోజు నన్ను ఏమన్నారో.

ఆలోచించండి. గీత లోపలున్నదంతా అచ్చులో వేలమందికి చేరింది. పాతపుస్తకాల షాపులో ఇవాళైనా దొరుకుతుంది. ఈ ఒక్క కాగితానికే సొంతమైనవి ఏమిటి? ఈ అంచు, తెల్లరంగు పూసి దిద్దిన మచ్చ, చెరిపినా చెరగని పెన్సిలు జాడ. లేతనీలం ఆ రోజుల్లో బ్లాకు కెమెరా కంటికి ఆనేది కాదు. అందుకే కార్టూనిస్టులు ఆ పెన్సిలుతో స్వేచ్ఛగా రాసుకునేవారు. కెమెరాకి కనబడకుండా మిగిలిన ఆ రాతని మన షాపువాడి కత్తెర కనిపెట్టి కోసేస్తోంది. అంచు పోయాక మిగిలేది, ఖరీదెక్కువైన పత్రిక పేజీ.

ఇందులో ఇంకో వింత ఉంది. బాపుగారి చేతిరాత మీది మోజుతో ఆ అక్షరాల్ని కంప్యూటరు ఫాంటుగా చేసుకున్నాం. శుభలేఖలు కూడా అందులోనే వేయించుకుంటున్నాం. అదే మనం, ఒక కార్టూనిస్టు స్వహస్తాలతో అంచుమీద రాసిన నాలుగు మాటల్ని ‘మురికి’ అని కోయిస్తున్నాం! బాపుగారు 2014లో వెళ్ళిపోయారు. చందమామ శంకర్‌గారు 2020లో వెళ్ళిపోయారు. ఆ చేతులు ఇక కొత్తగా ఏ అంచునీ నింపవు.

రెండో నేరం ఎండ. నలుగురికీ కనబడాలని హాల్లో కిటికీకి ఎదురుగా తగిలిస్తారు. ఇండియన్ ఇంకులో ఉన్నది మసి. అది ఎండకి లొంగదు. కానీ చాలా రంగులూ, స్కెచ్‌పెన్ను గీతలూ, ఫౌంటెన్‌పెన్నుతో చేసిన సంతకాలూ అలా కావు. కొన్నేళ్ళకి బొమ్మ ఉంటుంది, దాని తాలూకు మనిషి పేరు ఉండదు. మ్యూజియాల్లో కాగితం మీది రంగుబొమ్మలకి 50 లక్సుల వెలుతురు చాలంటారు, అదీ కొన్ని నెలలే. మనింట్లో మే నెల ఎండ ఆ లెక్క అడగదు. ఇక విశాఖలో, కాకినాడలో ఆ సముద్రపు చెమ్మకి, అద్దానికి ఆనుకున్న కాగితం దానికే అతుక్కుపోతుంది. చౌకరకం అట్టలోని ఆమ్లం వెనకనుంచి కాగితాన్ని గోధుమరంగుకి తెస్తుంది. సెల్లోటేపు చేసే ముద్ర గురించి చెప్పనే అక్కర్లేదు.

“కార్టూనంటే నవ్వుకోడానికి కదండీ, దానికి ఇన్ని మడీ ఆచారాలా?” అంటారు కొందరు. నవ్వు కావాలంటే పుస్తకం కొనుక్కోండి, హాయిగా నవ్వుకోండి. ఈ కాగితం నవ్వు పుట్టడానికి ముందు ఒక మనిషి పడ్డ అవస్థ. దాన్ని గోడకి పెట్టి, వచ్చినవాళ్ళకి “ఒరిజినలండీ, ఒరిజినల్!” అని ధర చెబుతూ, అందులో జోకేమిటో చెప్పడం మరిచిపోయే పెద్దమనుషులకి నా దగ్గర జవాబు లేదు.

మరేం చెయ్యమంటారంటే, షాపులో నాలుగు ముక్కలు గట్టిగా చెప్పండి. కొయ్యొద్దు. అంటించొద్దు; పైన రెండుచోట్ల పలచటి కాగితపు ముక్కలతో, గంజితో పట్టిస్తే చాలు. ఆమ్లం లేని అట్టతో కిటికీలా మౌంటు కట్టమనండి, అద్దానికి కాగితం తగలకుండా ఉంటుంది. ఆ కిటికీ అంచుతో సహా కనబడేంత పెద్దది కావాలి. తరవాత ఎండపడని లోపలి గోడకి తగిలించండి. కొన్నాళ్ళుంచి, తీసి, చీకట్లో విశ్రాంతి ఇవ్వండి. ఖర్చవుతుందంటారా? బొమ్మకి వేలు పోసినవారు అట్ట దగ్గర పిసినిగొట్టులైతే ఎలా?

మా పటం ఇప్పుడు పడగ్గది లోపలిగోడ మీదుంది. మైదాపిండి ఊడదు, కోసిన అంచు రాదు. మొన్న మా మనవరాలు స్టూలెక్కి, ముక్కు అద్దానికి ఆనించి వెతుకుతోంది.

“తాతయ్యా, నువ్వు చెప్పిన పిల్లి ఇందులో లేదేం?”

“కోయించేశానమ్మా.”

“ఎందుకూ?”

“నీటుగా ఉంటుందని.”