దండం ఎవరికి పెట్టాలి?

సంక్రాంతి వచ్చింది. వానాకాలం వడ్లు కాంటా అయిపోయాయి. కొందరి ఖాతాల్లో డబ్బులు పడ్డాయి, కొందరు ఇంకా ఫోన్‌లో మెసేజ్ కోసం చూస్తున్నారు. ఎడమ కాలువ కింద యాసంగి నారుమళ్ళు నాటుకు వస్తున్నాయి. హైదరాబాదు నుంచి బెజవాడ వైపు పోయే కార్లతో సూర్యాపేట, కోదాడ రోడ్డు నిండిపోయింది. వాటి మధ్యనే బస్సుల్లో మన పిల్లలూ ఇళ్ళకు వస్తున్నారు. కనుమ రోజు పశువులను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఏడాదంతా మనతో కష్టపడిన జీవాలకు దండం పెట్టుకోవడం పెద్దలు నేర్పిన పద్ధతి. ఇప్పుడు ఎద్దులున్న ఇళ్ళు తక్కువ. ట్రాక్టరుకే బొట్టు పెడుతున్నాం. అయినా ఆచారం పోలేదు. మేలు చేసినవాళ్ళను ఏడాదికి ఒక్కసారైనా తలచుకోవాలనే ఆ ఆచారం గురించే ఈ నెల సంపాదకీయం.

ఈ మాట ఎత్తగానే కొందరు కార్యకర్తలకు అనుమానం రావచ్చు. ధర మీద, నీళ్ళ మీద, కౌలు గుర్తింపు మీద కొట్లాడాల్సిన సంఘం పత్రిక, ఉన్నదానితో తృప్తి పడండని చెబుతుందా అని. చెప్పం. ఆ మాట మన జిల్లాకు దొరలు చాలా ఏళ్ళు చెప్పారు. గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని 'నీ బాంచన్ దొరా, కాల్మొక్త' అనడమే అప్పటి కృతజ్ఞత. వెట్టి చేసినవాడే, చేయించుకున్నవాడికి దండం పెట్టాలి. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణమిచ్చాక లేచిన పోరాటంలో ఆ దండం ఆగింది. సూర్యాపేట ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం గారు తుపాకి పట్టింది ఆ పోరాటంలోనే.

పోయిన దండం ఇప్పుడు పాలాభిషేకం పేరుతో తిరిగి వచ్చింది. ఏ పథకం ప్రకటించినా చౌరస్తాలో నాయకుల ఫోటో పెట్టి పాలు పోస్తున్నాం. పార్టీ మారితే ఫోటో మారుతోంది, పోసే పాలు మాత్రం మన బర్రెవే. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా కింద ఎకరాకు ఏడాదికి 12 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఎన్నికల ముందు చెప్పింది 15 వేలు, అదీ కౌలు రైతుతో సహా. 12 వేలు వస్తే తీసుకుందాం, మిగతా మూడు వేలు అడుగుదాం. మద్దతు ధర 2024-25లో సాధారణ రకం వడ్లకు క్వింటాలుకు 2300 రూపాయలు, ఏ గ్రేడుకు 2320 ఉండింది. మొత్తం ఖర్చుకు ఇంకో సగం కలిపి ధర కట్టాలన్న స్వామినాథన్ కమిషన్ లెక్క ఇంకా అమలు కానేలేదు. రావలసిన దాంట్లో కొంత ఇచ్చినవాడికి రసీదు ఇస్తాం, దండం ఎందుకు పెట్టాలి?

మరి ఎవరికి పెట్టాలి? 2024ను ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి. 2024 యాసంగికి సాగర్ ఎడమ కాలువ కింద పంటకు నీళ్ళు లేవు. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా మడులు బీళ్ళుగా పడి ఉన్నాయి. బోరున్న రైతు తన పంటకే చాలని నీళ్ళలో పక్కవాడి పశువులకు తొట్టి నింపాడు. ఆగస్టులో సాగర్ నిండి కాలువకు నీళ్ళు వదిలారు, నాట్లు పడ్డాయి. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 1న, ఆ కుంభవృష్టికి నడిగూడెం మండలంలో కాలువకు గండి పడి నీళ్ళు పొలాల మీద పడ్డాయి. వేసిన నాట్లు ఇసుక మేటల కింద పోయాయి. అదే రోజు పక్కన ఖమ్మంలో మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని జేసీబీ మీద పోయి తీసుకొచ్చింది, ఎక్కడో హర్యానా నుంచి బతుకుతెరువుకు వచ్చిన డ్రైవర్. ఇటువంటివాళ్ళకు చౌరస్తాలో ఫ్లెక్సీలు కట్టడం మనకు అలవాటు లేదు.

అప్పు లెక్క మనందరికీ నోటికి వచ్చు. ఎరువుల దుకాణం పద్దు, కోత మిషన్ కిరాయి, వడ్డీ. అది నిజమైన లెక్కే, కాదని తీసేసేది కాదు. కానీ ఆ లెక్క ఒక్కటే రాత్రంతా తిరగేసిన మనిషికి పక్కన నిద్రపోతున్న పిల్లలు కనబడరు. సంఘం తరఫున పరామర్శకు పోయిన కొన్ని ఇళ్ళలో అది చూశాం. అందుకే రెండో వైపు లెక్క కూడా ఎవరో ఒకరు గుర్తు చేస్తుండాలి. గుడి, దర్గా మన పల్లెల్లో చేసే పని కొంత అదే. ఈ నెలలోనే జాన్‌పహాడ్ సైదులు ఉర్సు. కందూరు చేసేవాళ్ళలో హిందువులే ఎక్కువమంది. దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర రెండేళ్ళకోసారి వచ్చేది. 'ఓ లింగా' అంటూ గట్టెక్కే వాళ్ళలో పంట పోయినవాళ్ళూ ఉంటారు. దేవుడు పంట ఇవ్వలేదని వాళ్ళు మొక్కు ఆపరు. మనిషి మిగిలాడు, మంద మిగిలింది అనుకుని పోతారు. దేవుణ్ణి నమ్మని కార్యకర్తలు మన సంఘంలో ఉన్నారు. వాళ్ళు కూడా జాతరకు పోయి రావాలని మా సలహా, చుట్టాలు కలుస్తారు.

ఇక ఇంట్లో సంగతి. ఏ ఇంటికైనా పోయి ఆ ఇల్లాలిని ఏం పని చేస్తవమ్మా అని అడగండి. 'ఏం లేదన్నా, ఇంటికాడనే ఉంట, మా ఆయన వ్యవసాయం చేస్తడు' అంటుంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతివేళ్ళు చూడండి. నాటు ఆమె వేస్తుంది, కలుపు ఆమె తీస్తుంది, పత్తి, మిరప ఏరేది ఆమె. కల్లంలో వడ్లు ఆరబోసి, మబ్బు పడితే పట్టా కప్పడానికి మొదట పరుగెత్తేది ఆమె. పాలు పితికి కేంద్రంలో పోసేది ఆమె. దుక్కి దున్నడం, కోయడం మిషన్లకు వచ్చాయి కాబట్టి మన పని కొంత తగ్గింది. నడుం వంచే పని ఇంకా ఆమెదే. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద కమతాలు ఆడవాళ్ళ పేరుతో నడుస్తున్నవి దాదాపు 14 శాతమే. మిగతా కమతాల్లో ఆమె రైతు కాదు, రైతు భార్య.

ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. రైతు బీమా 2018 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది. 18 నుంచి 59 ఏళ్ళ మధ్య రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్ళకు 5 లక్షలు వస్తాయి. కానీ పట్టాదారు పాస్‌బుక్కు ఉన్నవాళ్ళే అక్కడ రైతులు. భర్త పేరున భూమి ఉండి, నాటు మడిలో పాము కరిచి భార్య చనిపోతే ఆ ఇంటికి రైతు బీమా రాదు. భర్త పోతే బీమా వస్తుంది గానీ, భూమి తన పేరు మీదికి రావడానికి ఆమె ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడులో మరుదులు, బావలు ఎట్లా మారిపోతారో పంచాయితీలు చేసే మనకు తెలియనిది కాదు. కౌలు రైతు ఇంటికైతే ఎవరు పోయినా ఏమీ రాదు.

ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చుని మూడు చట్టాలను వెనక్కి పంపారని మనం సభల్లో గొప్పగా చెబుతాం. అన్నాళ్ళూ వాళ్ళ గోధుమ పొలాలు ఎవరు చూశారు? ఇంటి ఆడవాళ్ళు, ఇరుగుపొరుగు. ఆడవాళ్ళు సరిహద్దుకు కూడా వచ్చారు. 2021 జనవరి 18న అక్కడ మహిళా కిసాన్ దినం జరిపారు.

ఇంటి బయట కూడా మనం లెక్కలో రాయనివాళ్ళు ఉన్నారు. మిర్యాలగూడ మిల్లుల్లో మన వడ్ల బస్తా మోసేది బీహారు నుంచి వచ్చిన పిల్లలు. నాటుకు ఇప్పుడు బెంగాలు, బీహారు నుంచి ముఠాలు దిగుతున్నాయి. భాష రాదని మడి గట్టున నిలబడి వాళ్ళ మీద అరవడం మనవాళ్ళలో కొందరికి వేడుకైంది. గుత్త మాట్లాడినప్పుడే ఉండడానికి చోటు, తాగడానికి మంచినీళ్ళు కూడా మాట్లాడండి. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని తూము దగ్గరికి పోయే లష్కర్ సంగతీ అంతే. నీళ్ళు రానినాడు తిట్టడానికే ఆయన గుర్తొస్తాడు.

శాఖల బాధ్యులకు ఒక మాట. ఈ నెల సమావేశానికి సభ్యులందరినీ పాస్‌బుక్కు తెచ్చుకోమనండి. భూమి ఎవరి పేరున ఉందో రాసుకోండి. ఎకరమో, అర ఎకరమో భార్య పేరున గిఫ్టు రిజిస్ట్రేషన్ చేయడానికి ఒప్పుకున్నవాళ్ళకు స్లాట్ బుక్ చేయించి, తహసీల్దారు ఆఫీసు దాకా తోడు వెళ్ళండి. బ్యాంకు అప్పు ఉన్న భూమైతే ముందు బ్యాంకులో అడగాలి. భార్యకు ఇచ్చే భూమి మీద స్టాంపు డ్యూటీ, ఫీజులు మాఫీ చేయాలని, పాస్‌బుక్కు లేకపోయినా సాగు చేసే ఆడవాళ్ళకు, కౌలుదారులకు రైతు బీమా వర్తింపజేయాలని వినతిపత్రం తయారు చేస్తున్నాం. దాని మీద మొదటి సంతకాలు ఆడవాళ్ళవి కావాలి. సమావేశం పొద్దున పెడితే నాటుకు పోయినవాళ్ళు రాలేరు. పని నుంచి వచ్చి వంట చేసి, పిల్లలకు పెట్టాక, రాత్రి ఎనిమిదిన్నరకు పెట్టండి. ఆ ఒక్కరోజు వంట మగవాళ్ళు చేస్తే ఏడింటికే మొదలుపెట్టుకోవచ్చు.